రెండు తక్కువ

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను చేసిన పని ఒక్కటే, నలభై ఆరు దాకా లెక్కపెట్టడం. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఇరవై మూడు జతల క్రోమోజోములుంటాయి. నెత్తురు తీసి, మూడు రోజులు పెంచి, గాజుపలక మీద చుక్క వేసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే నేల మీద ఒలికిపోయిన అగ్గిపుల్లల్లా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాలి. ఇంత మాత్రానికి నెలనెలా జీతం ఇచ్చారు, పెన్షన్ కూడా ఇస్తామంటున్నారు. ఇంకో పదకొండు రోజుల్లో రిటైరవుతాను. నా కళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి.

ఆ మంగళవారం ఉదయం పెట్టిన పలకలో నలభై నాలుగే ఉన్నాయి.

పక్క కణం చూశాను. నలభై నాలుగు. ఇరవై కణాలు చూడాలని నియమం, ఇరవై చూశాను. పద్నాలుగోదీ పదిహేనోదీ విడివిడిగా లేవు, కొసకి కొస అతుక్కుని ఒకటే పొడుగాటి పుల్ల అయిపోయాయి. తల్లి వైపు నుంచి వచ్చినవీ అంతే, తండ్రి వైపు నుంచి వచ్చినవీ అంతే. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఈ ఏడాదిలో ఇలాంటివి యాభై దాకా చూశాను. కానీ పలకకి అంటించిన చీటీ చదివాక మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాను.

నూకరత్నం, ముప్ఫై నాలుగేళ్ళు, గర్భిణి, పదో వారం, పుట్టిల్లు మగ్గాలపేట.

ఆ మనిషి నాకు తెలుసు. పన్నెండేళ్ళ క్రితం ఆమె నెత్తురు చూసింది నేనే. అప్పుడు నలభై ఆరని రాసిందీ నేనే.

*

పిల్లలు పుట్టడం తగ్గిపోయి పదేళ్ళు దాటింది. మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ. కడుపు పడుతుంది, మూడో నెల దాటదు. మొదట్లో ఏడింటికి ఒకటి నిలిచేది, ఇప్పుడు ఇరవైకి ఒకటి. క్రోమోజోముల కొసలు అరిగిపోతున్నాయని కనిపెట్టారు. ఎందుకు అరుగుతున్నాయంటే ఎండలన్నారు, నీళ్ళన్నారు, తిండన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాక అందరూ ఊరుకున్నారు. విశాఖలో మా ల్యాబు పక్కనున్న ప్రసూతి వార్డు సగం మూసేసి పాత ఫైళ్ళు పెట్టారు. ఒకప్పుడు ఆ గోడ అవతలి ఏడుపులకి లెక్క తప్పుతోందని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

కిందటేడు శ్రీకాకుళం వైపు నుంచి ఒక కబురు వచ్చింది. మగ్గాలపేట అంగన్‌వాడీలో పద్నాలుగుమంది పిల్లలున్నారట. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ కలిపి ముగ్గురే. మా డాక్టర్ ఫర్జానా నమ్మలేక తనే జీపేసుకుని వెళ్ళి, పిల్లల చేతుల్లో బిస్కెట్లు పెట్టి, అందరి నెత్తురూ పట్టుకొచ్చింది. లెక్కపెట్టే మిషన్ ఆ పలకలన్నిటినీ పాడయ్యాయని పక్కన పడేసింది. మనిషన్నాక నలభై ఆరుండాలని దానికి మేమే నేర్పాం మరి. అప్పుడు నన్ను పిలిచారు.

మగ్గాలపేట నేతగాళ్ళ ఊరు. అక్కడ మగ్గం పని తెలిసిన పిల్లే కోడలు కావాలి. బయటి పిల్ల వస్తే నేర్చుకునేసరికి రెండేళ్ళు పడుతుందని, తరతరాలుగా మేనరికాలే చేసుకుంటూ వచ్చారు. ఎప్పుడో ఏ ముత్తాత ఒంట్లోనో అతుక్కుపోయిన ఆ రెండూ అవే ఇళ్ళలో తిరిగి తిరిగి, చివరికి అమ్మ నుంచీ నాన్న నుంచీ ఒకే బిడ్డలోకి వచ్చి చేరాయి. అతుకు లోపల పడ్డ కొస అరగడం లేదు. నలభై నాలుగు వాళ్ళు నలభై నాలుగు వాళ్ళనే చేసుకుంటే కడుపు నిలుస్తోంది. నలభై ఆరు వాళ్ళని చేసుకుంటే ఒక్కటంటే ఒక్కటి కూడా నిలవడం లేదు.

"ఇది జబ్బు కాదు హైమావతిగారూ," అంది ఫర్జానా ఆ లెక్కలన్నీ చూసిన రోజు. "కలిస్తే పిల్లలు కలగరంటే పుస్తకం ప్రకారం వేరే జాతి. మన తర్వాత వచ్చేవాళ్ళు వీళ్ళే."

"మనకన్నా వాళ్ళకి ఎక్కువేమన్నా ఉందా డాక్టరుగారూ?"

"ఏం లేదండి. అన్ని పరీక్షలూ చేశాను. జలుబులూ పుచ్చిపళ్ళూ మనలాగే. తెలివి ఎక్కువ లేదు, బలం ఎక్కువ లేదు. వాళ్ళుంటారు, మనం ఉండం. అంతే తేడా."

మన తర్వాతి మనుషులంటే పెద్ద తలకాయలతో, మెరిసే బట్టలతో ఉంటారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తీరా వచ్చినవాళ్ళు ముక్కు కారుతూ, అంగన్‌వాడీ గుడ్డు కోసం కొట్టుకుంటూ వచ్చారు. నాకు నవ్వొచ్చింది. ఫర్జానాకి రాలేదు. ఆమెకి నలభై ఏళ్ళు, పిల్లలు లేరు.

*

పన్నెండేళ్ళ క్రితం మేం మేనరికాల మీద దండయాత్ర చేశాం. దగ్గరి సంబంధాలు చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయని ఊరూరా శిబిరాలు పెట్టాం. అది తప్పేమీ కాదు, వస్తాయి కూడా. మా అప్పటి పెద్ద డాక్టరు సోమసుందరంగారికి ఎండ పడేది కాదు, మైకు నాకిచ్చి జీపులో కూర్చునేవారు. నేను గొంతు చించుకునేదాన్ని. మగ్గాలపేటలో ఒక్కరోజే రెండువందల అరవైమంది నెత్తురిచ్చారు.

నూకరత్నానికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. మేనమామ కొడుకు సూరితో పెళ్ళి కుదిరింది, ముహూర్తం కూడా పెట్టుకున్నారు. ఇద్దరి నెత్తురూ వచ్చింది. రెంటిలోనూ నలభై నాలుగే కనిపించాయి. నేను వెళ్ళి పెద్ద డాక్టరుగారికి చెప్పాను.

"రెండు జారిపోయి ఉంటాయి హైమా. పలక మీద చుక్క గట్టిగా పడితే జారిపోవూ?"

"ఇద్దరికీ రెండేసి జారాయండి."

"అయితే ఆ రోజు చేసినవన్నీ అలాగే ఏడ్చుంటాయి. ఇంకా రెండొందలున్నాయి కదమ్మా నీకు? నలభై ఆరు రాసెయ్."

ఇరవై కణాలు చూడాల్సింది, మూడు చూశాను. మెడ లాగేస్తోంది, ఇంట్లో మృదులకి జ్వరం. నలభై ఆరు రాసేశాను. తర్వాత శిబిరానికి వెళ్ళినప్పుడు నూకరత్నం తల్లి దాలమ్మని కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను, మీ పిల్ల నెత్తురు శుభ్రంగా ఉంది, బయటి సంబంధం చూడండి, బంగారంలాంటి పిల్లలు పుడతారు అని. దాలమ్మ నా చేతులు పట్టుకుంది. మూడు వారాల తర్వాత ఆ పెళ్ళి తప్పిపోయిందని తెలిసింది. శిబిరం విజయాల్లో దాన్ని కూడా రాసుకున్నాం.

ఈ మంగళవారం మధ్యాహ్నం పాత పలకల బీరువా తెరిచి ఆ రెంటినీ వెతికాను. రంగు వెలిసింది కానీ కనిపిస్తున్నాయి. ఈసారి ఇరవై కణాలూ చూశాను. నలభై నాలుగు, నలభై నాలుగు.

*

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన దక్షిణామూర్తిగారు ఒకటో తరగతి కుర్చీలో కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. ఆయన ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. చేరే పిల్లలు లేక కిందటి జూన్‌లో బడి మూసేస్తే, పారేస్తారని నాలుగు చిట్టి కుర్చీలు ఇంటికి తెచ్చుకున్నారు. ఆరడుగుల మనిషి వాటిలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. పారెయ్యమని నేను చెప్పను, ఆయన పారెయ్యరు.

మా అమ్మాయి మృదుల వచ్చి ఉంది. గాజువాకలోనే కాపురం. పక్కన ఒక సంచీ, అందులో చిన్న చిన్న చొక్కాలు, టోపీలు. నాలుగుసార్లు కొన్నవి.

"ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. మగ్గాలపేటలో పిల్లలున్నారు అన్నావుగా?"

"ఇంకొన్నాళ్ళు చూడకపోయావా?"

"వద్దమ్మా. నేనూ తనూ కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంక చాలు. మొన్న ఆదివారం చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరం బీచ్‌కి వెళ్ళాం తెలుసా? మందుల టైము చూసుకోకుండా వేరుశనక్కాయలు తిన్నాం."

దాని మొహం చూశాను. ఏడవలేదు. అలసిపోయిన మనిషిని ఇంక నడవక్కర్లేదని కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నా వంశం అక్కడితో ఆగిపోయిందని ఆ వంటగదిలో నాకు తెలిసింది. దుఃఖమొచ్చింది. దాంతోపాటే, సిగ్గుపడకుండా చెబుతున్నాను, హమ్మయ్య అని కూడా అనిపించింది. వంకాయ కూర బాగా కుదిరింది, ముగ్గురం మారు వడ్డించుకున్నాం.

*

బుధవారం పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నలభై నాలుగు తేలినవాళ్ళ పేర్లన్నీ జాబితాగా పంపాలట. వాళ్ళలో నలభై ఆరు వాళ్ళని పెళ్ళాడినవాళ్ళుంటే వేరే గుర్తు పెట్టాలట. వాళ్ళ కోసం 'అనుకూల దాంపత్య సలహా శిబిరాలు' జరుగుతాయట.

"సలహాయేగా, బలవంతం ఏం లేదు," అంది ఫర్జానా, నా మొహంలోకి చూడకుండా.

"మేం మేనరికాలు వద్దన్నప్పుడు కూడా సలహాయే ఇచ్చాం డాక్టరుగారూ. నా మైకు ఇంకా స్టోర్ రూములోనే ఉంది, కావాలంటే దుమ్ము దులిపి ఇస్తాను."

ఆమె ఆ ఉత్తర్వుని మడిచి ఫైల్లో పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఈ భూమ్మీద మనుషులుండాలా వద్దా అన్నది ఆ జాబితాలో ఉందండి. నాకు మాత్రం సరదానా?"

అదీ నిజమే. నూకరత్నం రిపోర్టు ఇంకా రాయలేదని మాత్రం చెప్పాను. రేపటికల్లా కావాలంది.

*

గురువారం పదింటికి వాళ్ళు వచ్చారు. నూకరత్నం, దాలమ్మ, నూకరత్నం భర్త గురువులు. అతను భీమిలిలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అతని నెత్తురు కూడా చూశాను, నలభై ఆరు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, చంకలో భార్య ఆసుపత్రి కాగితాల సంచీ. ఆమె కూర్చునే బల్లని ముందు తన తువ్వాలుతో తుడిచాడు.

"బావు, కొబ్బరిబొండాం తేవా? నోరెండిపోతంది," అంది నూకరత్నం అతనితో. అతను పరుగులాంటి నడకతో వెళ్ళాడు. కావాలనే పంపించిందని నాకు అర్థమయింది.

"ఇంతకుముందు అయిదు పోయినాయి మేడంగారూ. ఇది ఆరోది. మీ డాక్టరమ్మ ఏటీ సెప్పకుండా మిమ్మల్ని అడగమంది."

ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. ఆమె క్రోమోజోములన్నీ వరసగా పేర్చిన ఫొటో. నేను నోరు తెరిచేలోపే ఆమె వేలు ఆ పొడుగాటి పుల్ల మీద ఆగింది.

"ఇక్కడ అతుకుంది."

"అవును. ఎలా తెలిసింది?"

"మగ్గం మీద పుట్టిపెరిగినాను గదా. పాత పడుగు కొసకి కొత్త పడుగు పోగులు ఇలాగే అతుకుతాం. అతుకున్నకాడ మరి తెగదు." ఇంకాస్త వంగి చూసింది. "నూలుకి నెంబరుంటాది. రెండు దిక్కులా ఒకటే నెంబరు గావాల. సన్నదానికి మోటుది అతికితే నాలుగు జానలు నేసేసరికి ఊడిపోద్ది. నా నెంబరెంత?"

"నలభై నాలుగు."

"ఆడిది?"

"నలభై ఆరు."

ఆమె ఫొటో మీంచి వేలు తీసేసింది. కడుపు మీద చెయ్యి వేసుకుని, "అయితే ఇదీ నిలవదు," అంది. అడగలేదు, చెప్పింది. నేను తల ఊపాను.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ వెలిసిపోయిన పలక రెండు రోజులుగా నా హ్యాండ్‌బ్యాగులో పర్సు పక్కనే ఉంది. తీసి ఫొటో పక్కన పెట్టాను.

"ఇది పన్నెండేళ్ళ క్రితం నీ పెళ్ళి ముందు తీసింది, నూకరత్నం. ఇందులోనూ నలభై నాలుగే. సూరికీ నలభై నాలుగే. నేను చూశాను. చూసి కూడా నలభై ఆరని రాశాను."

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న దాలమ్మ లేచి వచ్చింది. "నువ్వు గాదేటి మైకు పట్టుకున్నదానివి? నా సేతులట్టుకుని సెప్పినావే, బంగారంలాటి పిల్లలు అని! నీ మాటకి నా అన్న గుమ్మం తొక్కడం మానీసినాను. ఆడు సచ్చిపోతే మొగం సూడ్డానికెల్లలేదు. సూరిగాడు మా పిన్ని మనవరాల్ని సేసుకున్నాడు. ముగ్గురు పిల్లలాడికి, ముగ్గురు! ఇక్కడ దీన్ని అత్తోరి ఈధంతా గొడ్రాలంటారు!"

తిట్టింది. తిట్టనిచ్చాను. గొంతు పోయేదాకా తిట్టి, నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

నూకరత్నం మాత్రం పలకని వెలుతురుకి ఎత్తి చూస్తోంది. కంటికి ఏమీ కనిపించదు, చిన్న వంగపండు రంగు మరక తప్ప.

"నలభై నాలుగే గదా సూసినావు?" ఆమె మీరు అనడం మానేసింది. "మరి ఆ రెండూ ఎక్కడ్నుంచి తెచ్చి రాసినావు?"

ఎన్నో జవాబులు అనుకుని వచ్చాను. పెద్ద డాక్టరుగారు, రెండొందల పలకలు, మృదుల జ్వరం. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"అందరికీ ఉన్నాయి కదా, నీకూ ఉంటాయనుకున్నాను," అన్నాను.

కిటికీలోంచి గేటు బయట బొండాల బండి కనిపిస్తోంది. గురువులు ఒక బొండాం చేతిలో ఊపి చూసి, నచ్చక, ఇంకోటి తీస్తున్నాడు. నూకరత్నం అతన్నే చూస్తూ అంది, "ఇప్పుడేటి సేత్తారు నన్ను?"

ఉన్నదున్నట్టు చెప్పాను. జాబితా సంగతి, శిబిరం సంగతి. ఆమెకి ఇంకా వయసుందని, తనలాగే నలభై నాలుగున్న మనిషిని చేసుకుంటే పిల్లలు కలగవచ్చని చెప్పాను. ఆ మాట చెప్పకపోతే అది ఇంకో మోసం అవుతుంది.

దాలమ్మ తలెత్తింది. "సేసుకోవే. ఇంకా బతుకుంది నీకు."

"అమ్మా, నువ్వూరుకో." గట్టిగా అనలేదు. "అయిదుసార్లు ఆసుపత్రి నుంచి నన్ను సేతుల మీద మోసుకెళ్ళినోడమ్మా. నెత్తురు గుడ్డలు ఆడే ఉతికినాడు. ఆల్లమ్మ నన్ను గొడ్రాలన్న రోజున ఏరింటికి తీసుకొచ్చీసినాడు. ఆడ్ని ఒగ్గేసి ఎవరికి కనాల? నాకు పిల్లలు గావాల. ఆడి పిల్లలు గావాల. ఆడి పిల్లలు రారు. అంతే గదా లెక్క?"

నా వైపు తిరిగింది.

"పేరు అందులో ఎక్కితే ఆల్లొచ్చి ఇంటికాడ కూకుంటారు. నాకు సెప్తారు, ఆడికి సెప్తారు. ఆడు మంచోడు. నా బాగు కోసమని ఆడే ఎల్లిపోతాడు. నాకు తెల్సు." బల్ల మీదున్న ఖాళీ రిపోర్టు కాగితాన్ని వేలితో నా వైపు తోసింది. "ఆ రెండూ మళ్ళీ రాయి. అప్పుడు నీ పని తెమలాలని రాసినావు. ఇప్పుడు నా కోసం రాయి."

ఫర్జానా మాట గుర్తొచ్చింది. మనుషులుండాలా వద్దా అన్నది ఆ జాబితాలో ఉంది. కనగలిగే వయసులో ఉన్నవాళ్ళు ఇప్పటికి తేలింది యాభైమంది కూడా లేరు. అందులో ఒక మనిషిని నేను చెరిపెయ్యాలి.

గురువులు లోపలికి వచ్చాడు, చెమటలు కక్కుతూ. "లేతది దొరకడం లేదు. రెండు బండ్లు తిరిగినాను." దాలమ్మ ఏడుపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటయింది? ఏటన్నారు?"

"ఏటీ లేదు. మాయమ్మకి మా మావయ్య గుర్తొచ్చినాడు," అంది నూకరత్నం. "ఇంటికెల్లి సెప్తాను, అన్నీ సెప్తాను. ముందు ఆ బొండాం ఇలాగియ్యి."

బొండాం రెండు చేతులా పట్టుకుని ఆగకుండా తాగింది. సగం తాగాక అతనికిచ్చింది. "నీకే తెచ్చినాను, ఇద్దరున్నారు మరి, తాగు," అన్నాడతను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, మిగతాది కూడా తాగేసింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు మృదుల సంచీ నా కుర్చీ పక్కనే ఉంది. మగ్గాలపేటకి పంపుదామని తెచ్చాను. దాన్ని కాలితో బల్ల కిందికి నెట్టేశాను.

సాయంత్రం ఫర్జానా వచ్చింది. "మగ్గాలపేటావిడది ఎంతొచ్చిందండీ?"

"నలభై ఆరు."

"ఇరవై కణాలూ చూశారా?"

"చూశాను."

సూక్ష్మదర్శిని కింద పలక ఇంకా అలాగే ఉంది. ఆమె వంగితే చాలు. దాని వైపూ నా వైపూ చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని, చూడకుండానే కాగితం మీద సంతకం పెట్టి, జాబితాకి ఎక్కనివాళ్ళ దొంతరలో పడేసింది. కళ్ళు నులుముకుని, బయట వాన వచ్చేలా ఉంది, త్వరగా బయల్దేరండి అంది.

పలక తీసి కుళాయి కింద కడిగాను. వంగపండు రంగు కొంచెంసేపు నీళ్ళలో తిరిగి పోయింది. పన్నెండేళ్ళ క్రితం ఆ రెండూ ఎక్కడ్నుంచి తెచ్చానో నూకరత్నానికి చెప్పలేకపోయాను. ఈసారి ఎవరన్నా అడిగితే చెప్పగలను. నావే ఇచ్చాను. నా దగ్గర వాటికింక పనేముంది?